గేటు దగ్గర గ్రహం

“రత్నమక్కా! సత్రంలో ఎక్స్‌రే కథంట! శనివారం, రాజమండ్రిలో!”

బుల్లియ్య ఈ మాట వీధి మొదట్లో అన్నాడు. వీధి చివరింట్లో ఉన్న నాగరత్నానికి వినపడింది. మధ్యలో ఇళ్ళవాళ్ళకి వినపడిందని వేరే చెప్పక్కర్లేదు. ఆటోకి మైకు కట్టుకుని పాలకొల్లు బజారంతా తిరుగుతూ బట్టల కొట్ల తగ్గింపు ధరలు చాటడం అతని పని. ధర తగ్గించి చెబుతాడు గాని గొంతు తగ్గించి చెప్పడం అతనివల్ల కాదు. రోజంతా ఆ మైకు పక్కనే కూర్చోవడంతో అతని మాట ఊరికి వినిపిస్తుంది, ఊరి మాటే అతనికి వినిపించదు.

నాగరత్నం కుట్టుమిషను పక్కన కింద కూర్చుని గజ్జెల పట్టీకి ఊడిపోయిన గజ్జెను బిగిస్తోంది. దారాన్ని పళ్ళతో తెంపి తలెత్తింది.

“ఏ సత్రం, బుల్లియ్యా?”

“అది చెప్పలేదక్కా. ప్రేమ్ కుమార్ గారని కాలేజీ మేష్టారంట. ఫోన్లో ఆయన సత్రం అన్నాడు, ఎక్స్‌రే అన్నాడు, గాలి మొత్తం పోద్దన్నాడు. గాలి పోయేది దేనికి? ఊపిరితిత్తులకి. అంటే టీబీ క్యాంపు. మన క్షయ కథకి దుమ్ము దులిపితే సరిపోద్ది.”

అతని లెక్కలో తప్పులేదు. ఈ ముగ్గురి బుర్రకథ దళానికి ఈ మధ్య వస్తున్నవన్నీ ఇలాంటి పిలుపులే. ఆరోగ్యశాఖ వాళ్ళకి దోమల మీద చెప్పారు, పంచాయతీ వాళ్ళకి తడిచెత్త, పొడిచెత్తల మీద చెప్పారు. కథ నడిపేది నాగరత్నం. కుడివైపు వంత వీరమ్మ, గంభీరమైన మాటలు ఆమెవి. ఎడమవైపు హాస్యం బుల్లియ్యది. వీరమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పగలు వంట, సాయంత్రం వంత అని బుల్లియ్య ఏడిపిస్తుంటాడు.

“స్టేజీ ఉందా?” అని అడిగింది నాగరత్నం.

బుల్లియ్య ఆటో తాళాలు వేలికి చుట్టుకుని తిప్పాడు.

“అడగలేదా?”

“అడుగుదామనే అనుకున్నానక్కా. ఈలోగా ఆయన గాలి పోయింది, ఫోను కట్టయింది.”

నాగరత్నం పట్టీని కాలికి చుట్టి, మడమ నేలకి తాటించి చూసింది. గజ్జెలన్నీ ఒక్కసారే పలికాయి. కిందటిసారి ర్యాలీ ముందు నడుస్తూ చెప్పమన్నారు. నడుస్తూ చెబితే కథ నడవదని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. అంతకుముందు బస్టాండులో, బస్సు కదిలినప్పుడల్లా సగంమంది శ్రోతలు కదిలిపోతుంటే చెప్పారు. దీపం ముందు నిలబడి, ఎదురుగా కూర్చున్న మనుషుల ముఖాలు చూస్తూ, మొదటినుంచి మంగళందాకా ఒక్క కథ చెప్పాలని ఆమె కోరిక. ఆ కోరికని ఆమె ఎవరికీ చెప్పదు. “స్టేజీ ఉందా?” అని మాత్రం అడుగుతుంది.

*

ప్రేమ్ కుమార్ మర్నాడు మధ్యాహ్నం బైకు మీద వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి. వర్షంలో తడిసి, కాగితాలు తడవకుండా చొక్కాలో దాచుకుని తెచ్చాడు. ఆయన కూర్చునేలోపే బుల్లియ్య గుమ్మెట అందుకున్నాడు. వచ్చినవాళ్ళకి ముందు సరుకు చూపించాలన్నది అతని బజారు సిద్ధాంతం. క్షయ కథ మొదలైంది. రెండు వారాలకు మించి దగ్గితే కఫం పరీక్ష చేయించుకోవాలని వీరమ్మ హెచ్చరించింది. బుల్లియ్య దగ్గి చూపించాడు. పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోయింది.

ప్రేమ్ కుమార్ చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. “చాలా బావుందండి,” అన్నాడు. “కానీ నక్షత్రానికి దగ్గు రాదండి.”

“నక్షత్రమా?” అంది నాగరత్నం. ఆమె చూపు నెమ్మదిగా బుల్లియ్య చెవిమీదికి వెళ్ళింది.

“ఆయ్, ‘నక్’ అన్నది లైన్లో కొట్టుకుపోయిందక్కా,” అన్నాడు బుల్లియ్య, చెవి తడుముకుంటూ.

ప్రేమ్ కుమార్ విషయం చెప్పాడు. కాలేజీలో అంతరిక్ష దినోత్సవం. మన సూర్యుడి చుట్టూ మన గ్రహాలు తిరిగినట్టే దూరాన వేరే నక్షత్రాల చుట్టూ వేరే గ్రహాలు తిరుగుతున్నాయి. ఆ నక్షత్రాలు కంటికి కనపడే వెలుగు ఒక్కటే కాదు, ఎక్స్‌రేలు కూడా విసురుతాయి. వయసులో ఉన్న నక్షత్రమైతే మరీను. ఆ కిరణాలు గ్రహం నేలదాకా దిగవు. గాలి పైపొరలోనే ఆగి, దాన్ని వేలకొద్దీ డిగ్రీలకి మరిగిస్తాయి. మరిగిన గాలి ఉబ్బి, గ్రహం పట్టు తప్పి, ఆకాశంలోకి పారిపోతుంది. ఏ గ్రహం దగ్గర ఎంత గాలి మిగిలిందో లెక్కకట్టడం మీదే ఆయన పరిశోధన.

“పిల్లలకి నేను పాఠంగా చెప్పానండి. నిద్రపోయారు. మా అమ్మ చిన్నప్పుడు విన్న బుర్రకథ ఇప్పటికీ చెబుతుంది. అందుకని మీ దగ్గరికి వచ్చాను.”

వీరమ్మ వాకిట్లో పాత పేపరు వెలిగించింది. వానాకాలం గుమ్మెట చర్మం మెత్తబడి మొద్దుగా మోగుతుంది, సెగ చూపించాలి. మంట మీద పెట్టలేదు. జానెడు దూరంలో పట్టుకుని తిప్పుతూ మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తోంది. ప్రేమ్ కుమార్ మాట ఆపి అటే చూశాడు.

“ఇంకా దగ్గరగా పెడితే ఏమవుద్దండి?”

“పగిలిపోద్ది బాబూ. దూరమైతే బిగవదు.”

“నా గ్రహాల బాధా ఇదేనండి,” అని నవ్వాడాయన. “దూరం కుదరడం లేదు. చాలావరకు మంటకి మరీ దగ్గరగా తిరుగుతున్నాయి.”

ఆయన నోట వాతావరణం అన్న మాట రాగానే బుల్లియ్య లేచాడు. “నాకర్థమైందండి. వాతం నాకుంది, ఆవరణ కాలేజీకుంది. రెండూ కలిపితే కథ.”

“నువ్వు నోరుముయ్యి. ఆయన్ని చెప్పనీ,” అంది వీరమ్మ.

నాగరత్నం కాగితాలు ఒడిలో పెట్టుకుని వేలితో వరస వెంబడి చదువుకుంటూ పోయింది. చివరి పేజీ దగ్గర వేలు ఆగింది.

“ఇదేంటండి? గాలంతా పోయి బోడిరాయి మిగిలింది. అయిపోయిందా?”

“అయిపోయిందండి.”

“దీని మీద మంగళం ఎలా పాడను? ఆ గ్రహానికి ఇంకేమీ లేదా?”

ప్రేమ్ కుమార్ జుట్టు తుడుచుకుంటూ ఆలోచించాడు. “ఉండొచ్చండి. నక్షత్రం వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఎక్స్‌రేలు తగ్గుతాయి. అప్పుడు గ్రహం లోపల వేడి మిగిలుంటే అగ్నిపర్వతాలు కొత్త గాలి వదలొచ్చు. రెండో వాతావరణం అంటాం. కానీ ఆ దూరపు రాతి గ్రహాల్లో దేని దగ్గర అలా ఉందో ఇంకా తేలలేదు. అంతరిక్షంలో పెట్టిన టెలిస్కోపుతో చూస్తున్నారు.”

“చూస్తున్నారా?”

“చూస్తున్నారండి.”

“అయితే చాలు. ఉందని చెప్పను, లేదని చెప్పను. చూస్తున్నారని చెబుతాను. ఆ మాట మీద మంగళం పాడొచ్చు.” ఆమె కాగితాలు మడిచి, కుట్టుమిషను మీద కత్తెర కింద పెట్టింది. “స్టేజీ ఉందా అండి?”

“స్టేజీ మీదేనండి. ప్రోగ్రాంలో నేనే రాయించాను.”

ఆయన వెళ్ళాక ఆమె బీరువా తీసి, ఎర్ర అంచు పట్టుచీర, నడుముకి బిగించే వెడల్పు దట్టీ బయటికి తీసింది. ర్యాలీలకి ఆ చీర కట్టదు.

*

శనివారం రైలు నిడదవోలులో ఎప్పటిలాగే తీరిగ్గా నిలబడిపోయింది. కిటికీ పక్కన నాగరత్నం తంబురా ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి అందెను చూపుడువేలి అందెతో తాకిస్తూ చరణాలు కుదురుస్తోంది. పదం బరువైతే మార్చింది. ‘అతినీలలోహిత’ దగ్గర నోరు తిరక్క ముగ్గురూ మూడు రకాలుగా అన్నారు. చివరికి ‘కంటికి కానని కిరణాలు’ అని ఆ కష్టాన్ని అక్కడే దింపేసింది. ఎదురు సీట్లో అరటిగెలతో కూర్చున్న పెద్దాయన “తర్వాతేమైందమ్మా ఆ గ్రహానికి?” అని అడిగాడు.

“రాజమండ్రి దాకా వస్తే చెబుతానండి.”

“నేను కొవ్వూరులో దిగిపోతాను.”

“కొవ్వూరుకి గాలి ఉందండి, భయం లేదు,” అన్నాడు బుల్లియ్య.

*

కాలేజీ గేటుకి బంతిపూల తోరణం కట్టారు. దాని పక్కన, సైకిల్ స్టాండు రేకుల కింద, మూడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ప్రేమ్ కుమార్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూడగానే నాగరత్నానికి సగం తెలిసిపోయింది.

“ప్రోగ్రాం మార్చేశారండి,” అన్నాడు నేల చూస్తూ. “ముఖ్య అతిథి గారికి స్వాగతంగా గేటు దగ్గర పెట్టారు. నేను చాలా చెప్పానండి. తిరిగి వెళ్ళిపోతానంటే నేనే కారు మాట్లాడతాను. తప్పు నాది.”

వీరమ్మ గుమ్మెట సంచిని దించకుండా భుజానే ఉంచుకుంది. బుల్లియ్యకి ఆగ్రహం వచ్చింది. “గ్రహం కథ చెప్పడానికొస్తే గ్రహపాటు ఎదురొచ్చింది. పద అక్కా. గేటు దగ్గర నిలబడటానికి మనమేమన్నా తాళమా?”

నాగరత్నం మైదానం అవతలికి చూసింది. హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల వరసల నిండా పిల్లలు. వాళ్ళ తలల మీదుగా స్టేజీ, స్టేజీ మీద ఓ పక్కన నిలువెత్తు ఇత్తడి దీపం. ఒత్తులు వేసి ఉన్నాయి, ఇంకా వెలిగించలేదు.

ప్రిన్సిపాల్ మల్లేశ్వరరావు గారు కండువా సర్దుకుంటూ హడావుడిగా వచ్చారు. “వచ్చారామ్మా? మంచిది. అతిథి గారు ధవళేశ్వరం దాటారట. ఆయన వచ్చేసరికి ఇక్కడ సందడిగా ఉండాలి. డప్పు మోగుతూ ఉండాలి.”

“గుమ్మెట అండి,” అంది వీరమ్మ.

“అదే, అదే.”

నాగరత్నం రెండు చేతులూ జోడించింది. “అలాగేనండి. మొదలుపెడితే కథ మొత్తం చెప్పొచ్చా అండి?”

“ఎంతైనా చెప్పుకోండమ్మా.”

“మంగళం కూడానా అండి? మొదలెట్టిన కథకి మంగళం పాడకుండా మేం వదలమండి. దీపం ముందే పాడతాం.”

“అన్నీ కానివ్వండమ్మా, అన్నీ కానివ్వండి,” అంటూ ఆయన అప్పటికే హాలువైపు తిరిగారు.

“మీరు విన్నారుగా, మాస్టారూ?” అంది నాగరత్నం ప్రేమ్ కుమార్‌తో.

“విన్నానండి,” అన్నాడాయన అయోమయంగా.

ఆమె కుర్చీలు పక్కకి జరిపించింది. దట్టీ బిగించి కట్టుకుని, గజ్జెలు చుట్టుకుని, తంబురాని భుజానికెత్తుకుంది. బుల్లియ్య ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. “నిగ్రహం, బుల్లియ్యా,” అంది మెల్లగా. “నీ భాషలోనే చెబుతున్నా. గ్రహం కథకి ముందు నిగ్రహం.”

అందెలు గల్లుమన్నాయి.

“పుట్టీ పుట్టగనె పొగరెక్కె చుక్క — తందాన తాన
పొద్దస్తమానమూ బుసకొట్టె చుక్క — తందాన తాన
కంటికి కానని కిరణాలు దూసి — తందాన తాన
పక్కనే తిరిగేటి గ్రహమునే చూసి — తందాన తాన”

మొదట విన్నది వాచ్‌మన్, బజ్జీలబండి ఆవిడ. అతిథి గారు ధవళేశ్వరం దాటారన్నమాట నిజమే కావచ్చు గాని ఏ దిక్కుకి దాటారో తెలియలేదు. హాల్లో స్వాగతోపన్యాసం మొదలైంది. ఆయన వచ్చేదాకా దాన్ని సాగదీయాలి. కాలేజీ పునాదిరాయి దగ్గర్నుంచి అందుకున్నారు మల్లేశ్వరరావు గారు. మైకులోంచి ఆ మాటలు ఎండ కాసినట్టు ఒకే ధాటిగా కాస్తున్నాయి.

హాలు వెనక తలుపులోంచి ఇద్దరు ఫస్టియర్ కుర్రాళ్ళు జారుకుని వచ్చారు. వాళ్ళ వెనక నలుగురు ఆడపిల్లలు, చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని. వెనక బెంచీ ఖాళీ అయింది. దాని ముందు బెంచీ కదిలింది. నాగరత్నం పాడుతూనే చూసింది. చివర కూర్చున్నవాళ్ళు, తేలికపాటివాళ్ళు ముందు.

“పైపొర మరిగే, పైపైకి లేచే — తందాన తాన
పట్టు తప్పిన గాలి పరుగులే తీసే — తందాన తాన
తేలిక గాలేమొ తొలిబండి ఎక్కె — తందాన తాన
బరువైన గాలేమొ వెనకాల చిక్కె — తందాన తాన”

బుల్లియ్య గుమ్మెట ఆపి, హాలువైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. “అమ్మో! రత్నమక్కా! అన్నిటికన్నా తేలిక గాలి ఏదన్నావు?”

“హైడ్రోజను!”

“అదుగో, ఫస్టియర్ హైడ్రోజను వచ్చేసింది!”

పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వు మైదానం దాటి హాల్లోకి వెళ్ళింది. మరో మూడు వరసలు లేచాయి. సెకండియర్ వాళ్ళు నడిచి వచ్చారు, ఫైనలియర్ వాళ్ళు తమకేమీ పట్టనట్టు ఫోన్లు చూసుకుంటూ వచ్చారు. కాసేపటికి ముందువరసలోంచి బొద్దుగా ఉన్న కెమిస్ట్రీ లెక్చరరు గారు నెమ్మదిగా మెట్లు దిగారు.

“ఆక్సిజన్ గారు కూడా బయల్దేరారు! దారివ్వండి, బరువు గాలి!” అన్నాడు బుల్లియ్య. ఆయనే అందరికంటే పెద్దగా నవ్వారు.

ప్రేమ్ కుమార్ తోరణం పక్కన నిలబడి గేటువైపు, హాలువైపు మార్చి మార్చి చూస్తున్నాడు. చేతిలో కాగితం లేదు. పెదవులు మాత్రం తందాన తాన అంటున్నాయి. లోపల స్వాగతోపన్యాసం స్వగతోపన్యాసమైంది. ఖాళీ కుర్చీలకి మల్లేశ్వరరావు గారు కాలేజీ చరిత్ర చెబుతున్నారు.

“ఇంతకీ ఆ గ్రహం దగ్గర ఏం మిగిలిందే వదినా?” అని అడిగాడు బుల్లియ్య, వీరమ్మవైపు తిరిగి. గొంతులో వెటకారం లేదు.

వీరమ్మ గుమ్మెట మీద అరచెయ్యి ఆనించి మోత ఆపేసింది. “ఏముంది? రాయి. ఆకాశం నల్లన. గాలి లేదు, వాన లేదు. అరిచినా వినపడదు.”

ఎవరూ నవ్వలేదు. సరిగ్గా అప్పుడు కారు హారను మోగింది. గేటు నిండా జనం, కారుకి దారి లేదు. మల్లేశ్వరరావు గారు మైదానం మీదుగా పరుగులాంటి నడకతో వచ్చారు.

“ఆపండమ్మా! ఆపండి! అతిథి గారు వచ్చారు!”

నాగరత్నం అందెలు బిగించి పట్టుకుంది. ఆ క్షణమే ఆపేసింది. తంబురా భుజం మీంచి దించింది.

“ఆపేశామండి.”

“తర్వాతేమైంది?” అన్నాడు హైడ్రోజన్ కుర్రాడు.

“రాయి అలాగే ఉండిపోయిందా అండి?” అంది చున్నీ అమ్మాయి.

“ఇంకా ఉందమ్మా. ఉన్నదంతా మంగళంలోనే ఉంది.” నాగరత్నం ప్రిన్సిపాల్‌వైపు తిరిగి చేతులు జోడించింది, ఇందాక జోడించినట్టే. “మంగళం దీపం ముందే పాడతామని మనవి చేసుకున్నానండి. మీరు సరేనన్నారు. దీపం స్టేజీ మీదుంది.”

మల్లేశ్వరరావు గారు ప్రేమ్ కుమార్‌ని చూశారు.

“అన్నారండి, సార్. నేను విన్నాను,” అన్నాడు ప్రేమ్ కుమార్. ఈసారి నేల చూడలేదు.

కారు అద్దం దిగింది. “ఏ గ్రహమండి అది?” అని అడిగారు అతిథి గారు. ముప్ఫైమంది ఒకేసారి జవాబు చెప్పారు, ఆయనకి ఒక్కటీ అర్థం కాలేదు. అతిథి అంటే తిథి చూడకుండా వచ్చేవాడని అర్థం. ఈయన టైము కూడా చూడకుండా వచ్చారు గాని పాపం మంచివారే. కారు అక్కడే వదిలి దిగిపోయారు.

నాగరత్నం ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. తంబురాని మళ్ళీ భుజానికెత్తుకుని నడిచింది. గజ్జెలు అడుగడుక్కీ ఒక్కలాగే పలికాయి. ఆమె వెనక వీరమ్మ, బుల్లియ్య, వాళ్ళ వెనక మొత్తం కాలేజీ. ఖాళీ హాల్లోకి జనం మళ్ళీ నిండారు. ఈసారి తేలికవాళ్ళు ముందువరసల్లో కూర్చున్నారు. కెమిస్ట్రీ గారికి సీటు దొరకలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

దీపాన్ని అతిథి గారు వెలిగించారు. నాగరత్నం దాని ముందు నిలబడి ఎదుటి ముఖాలన్నీ ఒకసారి చూసుకుంది. తొందరపడలేదు.

“పోయిన గాలేమొ పోయిందిగాని — తందాన తాన
పొట్టలో నిప్పింక పోలేదుగాని — తందాన తాన
కొండలు నోరిప్పి కొత్త గాలూదెనో — తందాన తాన
ఊదనే లేదేమో, చూస్తున్నరింకా — తందాన తాన”

తందాన తాన హాలంతా అంది. ఆఖరి అందె మోత ఆగాక మంగళం పాడింది. గొంతు పై స్థాయిలో ఒకచోట గీరుకుంది. దాన్ని దాచలేదు, అక్కడే నిలబెట్టి, సరిచేసుకుని దిగింది.

చప్పట్లు ఆగేసరికి మల్లేశ్వరరావు గారు మైకు దగ్గరికి వచ్చారు. కండువా ఒకటి తీసి, ఎవరికి కప్పాలో ఒక్క క్షణం తడుముకుని, ఆమె భుజాన కప్పారు. “చాలా... అంటే, మేం అనుకోలేదమ్మా,” అన్నారు. ఇంకా చెబుదామంటే కాలేజీ చరిత్రంతా ఇందాకే అయిపోయింది. “రెండు మాటలు చెప్పండి,” అని మైకు ఆమెకి ఇచ్చారు.

నాగరత్నం మైకుని కొంచెం దూరంగా, జానెడు ఎడంగా పట్టుకుంది.

“ఈ కథకి రెండు పొరపాట్లు జరిగాయండి. అందరికీ చెప్పేస్తాను. మొదటిది మా బుల్లియ్య చెవిది. మాస్టారు ఫోన్లో నక్షత్రం అంటే మావాడు సత్రం అనుకున్నాడు. టీబీ కథ సిద్ధం చేసుకున్నాం.”

హాలు విరగబడి నవ్వింది. బుల్లియ్య లేచి నిలబడి నలువైపులా దండం పెట్టి, ఒక దగ్గు దగ్గాడు.

“రెండోది ఇక్కడ జరిగింది. మా చోటు గేటు దగ్గరనుకున్నారు.” ఆమె నవ్వుతూనే ఉంది. “రెండూ సర్దుకున్నాయండి. అది సత్రం కాదు, నక్షత్రం. ఇది గేటు కాదు, స్టేజీ.”